గడప దాటని పిల్లి

పోయిన మనిషిని పక్కన పెట్టి, పోయిన పిల్లి కోసం గోడల మీద కాగితాలు అంటించే డిటెక్టివ్‌ను చూసి సిరిసిల్లలోని ఆ నేత కార్మికుల సందు పొద్దున్నే కడుపుబ్బ నవ్వుకుంది. "తెల్ల పిల్లి తప్పిపోయింది. చూసినవాళ్లు రాజలక్ష్మి ఇంట్లో చెప్పండి. ఇనాం ఉంటుంది" అని రాయించి, కరెంటు స్తంభానికొకటి చొప్పున తానే జిగురు పూసి అంటించింది స్వర్ణలత. నవ్విన నాపచేనే పండుతుందని పెద్దలు ఊరికే అనలేదు. ఆ సంగతి సందుకు మధ్యాహ్నానికి గానీ తెలిసిరాలేదు.

పోయిన మనిషి రాజలక్ష్మి భర్త తిరుపతి. సాంచాలు నడిపేవాడు. కరెంటు మగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. పదకొండు రోజులుగా అతని జాడ లేదు. పిల్లి కూడా అతనిదే, అదే రోజు పోయింది. ఇవాళ మధ్యాహ్నం అతను జగిత్యాల కోర్టులో సాక్ష్యం చెప్పాలి. కోరుట్ల గల్ఫ్ ఏజెంటు జలపతి, కంపెనీ వీసా అని నమ్మించి, విజిట్ వీసా మీద కొందరు కుర్రాళ్లను మస్కట్ పంపాడు. మేడిపల్లి, మల్లాపూర్, కోరుట్ల పిల్లలు. వాళ్లలో రాజలక్ష్మి తమ్ముడు వెంకటేశం ఒకడు. నాలుగు నెలలుగా వాడి నుంచి ఫోన్ లేదు. ఏ క్యాంపులో ఉన్నాడో, తింటున్నాడో పస్తుంటున్నాడో చెప్పే నాథుడు లేడు. జలపతి ఇంట్లో పాస్‌పోర్టులు తీసుకున్న రోజు అక్కడే కూర్చుని అంతా చూసిన పెద్దమనిషి తిరుపతి ఒక్కడే. పోయిన వారం వాయిదాకు సాక్షి రాలేదు. ఇవాళ కూడా రాకపోతే కేసు కొట్టేస్తారు, జలపతి దర్జాగా విమానం ఎక్కుతాడు, వెంకటేశం సంగతి అడగడానికి ఇక మనిషే మిగలడు.

తిరుపతి పోయిన రోజు అతని ఫోన్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది. "కోర్టు లొల్లి నాకొద్దు. పొద్దుగాల ఏడు గంటల బస్సెక్కిన, భివండి పోతున్న. నన్ను దేవులాడకు." ఆ ఫోన్ నిజంగానే భివండిలో ఉందని తేలింది. పోలీసులు అక్కడికి మనిషిని కూడా పంపారు. ఆర్డర్లు లేక సాంచాలు ఆగిపోయి సగం సందు భివండికే వలస పోయింది, కాబట్టి తిరుపతీ పోయాడంటే ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. నమ్మనిది రాజలక్ష్మి ఒక్కతే.

"అక్కా, నేను నా మొగని కోసం నీ కాడికి జగిత్యాల దాక వస్తి. నువ్వేమో పిల్లి కాగితాలు అతికిస్తున్నవ్" అంది రాజలక్ష్మి. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది.

స్వర్ణలత ఫ్లాస్కులోంచి చాయ్ వంచుకుంది. యాభై ఏళ్ల మనిషి, నోరు పదును, తన చాయ్ ఇంకొకరికి పోసే అలవాటు లేదు. "మనిషి గురించి అడిగితే నీ సందుల ఎవ్వరన్న నోరు తెరిచిండ్రా?"

"లేదు. ఎవరు మాట్లాడినా కోర్టుకు గుంజుతరని జలపతి దిక్కు దివాకర్ సార్ ఇల్లిల్లు తిరిగి చెప్పిపోయిండు."

"పిల్లి గురించి చెప్తే కోర్టుకు ఎవరు గుంజుతరు?"

రాజలక్ష్మి కళ్లు తుడుచుకుని దగ్గరికి జరిగింది.

"గందుకే కాగితాలు. ఇగ నేను అడిగినదానికి చెప్పు. ఆ దినం నువ్వు ఏడున్నవ్?"

"కోరుట్లల. మా అమ్మకు పానం బాగలేకుంటె ముందు రాత్రి పోయిన. తెల్లారి పగటీలి బువ్వ యాళ్లకు వచ్చేవరకు ముందటి తలుపుకు తాళం ఉన్నది. నా తాళంచెయ్యితోని తీసి చూస్తే ఈయన లేడు, కండె లేదు. వంటింటి వెనుక తలుపు తెరిచి ఉన్నది."

"కండె అంటే పిల్లేనా?"

"ఆ. నూలు కండెల గంపల దొరికింది, కండ్లు గూడ తెరవని కూన. గప్పటి సంది గదే పేరు. ఆరేండ్లాయె, ఒక్కనాడు గల్మ దాటలే. సందు నిండ కుక్కలని ఈయన దాటనియ్యలే. కొత్త మనిషి వస్తే సాంచా కిందికి ఉరికి దాక్కుంటది. పక్కింటి మొగిలవ్వ గూడ దాని మొఖం చూడలే."

"గుర్తులు?"

"తెల్లగ ఉంటది. ఒక కన్ను నీలం, ఒక కన్ను పసుపు. ఫోటోలన్ని ఆయన ఫోన్లనే పోయినయ్. కాగితంల నువ్వు కండ్ల ముచ్చట రాయనేలేదు కదక్కా?"

"కావాలనే రాయలే. ఇనాం అనంగనే పదిమంది పది తెల్ల పిల్లులను సంచుల్ల ఏసుకొస్తరు. అసలు గుర్తు మన ఇద్దరి కాడనే ఉండాలె." స్వర్ణలత కప్పు కింద పెట్టింది. "పాస్‌పోర్టులు తీసుకున్న నాడు జలపతి ఒక్కడే ఉన్నడా?"

"ఇంకో ఆయన కారుల వచ్చి పక్కన కూసున్నడట. మస్కట్ కంపెనీవాళ్లు తన మనుషులేనని గాయననే హామీ ఇచ్చిండట. పేరు తెల్వది. మళ్ల చూస్తే గుర్తుపడ్త అనేటోడు ఈయన."

స్వర్ణలతకు అప్పటిదాకా అర్థం కానిది ఒకటుంది. జలపతి చూస్తే పావలా ఏజెంటు. వాడి కోసం మనిషిని ఎత్తుకుపోయే తెగింపు ఎవరికి వస్తుంది? ఆ ప్రశ్నను అట్లాగే ఉంచుకుని ఇల్లు చూడటానికి లేచింది.

చిన్న ఇల్లు. ముందటి తలుపు తీస్తే నడవ, దాని పక్కన రెండు సాంచాల గది, ఆ గదికి పెరటి గోడ కనబడే ఊచల కిటికీ ఒకటి, నడవలోకి తలుపు ఒక్కటే. వెనుక వంటిల్లు, దాని తలుపు తెరిస్తే పెరడు. ఆ తలుపుకు గడియ లోపలి వైపే ఉంది. బయటి నుంచి తీయడానికి దారి లేదు. స్వర్ణలత గడియను ఆడించి చూస్తుంటే, రాజలక్ష్మి బిందె పట్టుకుని పెరట్లోకి పోవడానికి వచ్చింది. తలుపు జానెడు మాత్రం తెరిచింది. ఆ సందులో కుడి కాలు అడ్డం పెట్టింది. ఒంటిని పక్కకు తిప్పుకుని బయటపడి, వెంటనే తలుపు లాగేసుకుంది.

ఆమె తిరిగి వచ్చాక స్వర్ణలత అడిగింది. "ఇంట్ల పిల్లే లేదాయె. కాలు అడ్డం ఎందుకు పెట్టినవ్?"

రాజలక్ష్మి తన కాలి వైపు చూసుకుంది. "పెట్టిన్నా? అలవాటక్కా. ఈయన గూడ గట్లనే. చుట్టాల ఇంటికి పోయినా గట్లనే చేస్తే నవ్వుతరు."

అంతలో వాకిట్లో దగ్గు వినబడింది. పక్కింటి మొగిలవ్వ. చంకలో బీడీల చాట, చేతిలో స్తంభం మీంచి చింపుకొచ్చిన కాగితం.

"బిడ్డా, గీ పిల్లి సంగతి చెప్తే ఏమన్న ఇస్తరా?"

"సంగతిని బట్టి ఇస్తం అవ్వా. కూసో. చూసినవా?"

"చూడకపోతె ఎందుకొస్త? తిరుపతి పోయిన దినమే. నల్లా వచ్చే యాళ్ల. బిందె పట్టుకొని పోతున్న, వీళ్ల పెరటి గోడ మీదికెల్లి తెల్లగ ఒకటి దుంకి అటు దిక్కు ఉరికింది. నేను కుందేలనుకున్న."

"నల్లా ఎన్నింటికి వస్తది?"

"తొమ్మిదికి. సూర్యుడన్న ఆగుతడేమో, నల్లా ఆగది."

తొమ్మిదికి. ఏడు గంటల బస్సెక్కిన మనిషి ఇంటి వెనుక తలుపు, లోపలి గడియ తీసి ఉన్న తలుపు, తొమ్మిదికి ఎవరు తెరిచారు? స్వర్ణలత గొంతు మామూలుగానే ఉంచింది. "తలుపు తీసిందెవరు అవ్వా?"

మొగిలవ్వ చాటలోని ఆకులు సర్దుకుంది. "నాకు తెల్వది. మనుషుల ముచ్చట నన్ను అడగకు. దివాకర్ సార్ కోర్టుకు గుంజుతనన్నడు. పిల్లి సంగతి అడుగు."

"సరే, పిల్లి సంగతే. పిల్లి ఎవరిని చూసి ఉరికింది?"

ముసలామె మొహం విప్పారింది. "గట్ల అడుగు మరి. ఇద్దరు మొగోళ్లను చూసి ఉరికింది. వీపులే కనబడ్డయ్. నడుమ ఒకాయనను రెక్కలు పట్టి నడిపిస్తుండ్రు. పిల్లి భయపడ్డదంటే వాళ్లు మంచోళ్లు గాదు."

"నడుమ ఉన్నాయనను చూసి గూడ భయపడ్డదా?"

"ఆయనను చూసి ఎందుకు భయపడ్తది? బుక్కెడు బువ్వ పెట్టెటోడాయె" అనేసి, అన్నాక నాలుక కరుచుకుంది మొగిలవ్వ. "ఎటు పోయిండ్రో మాత్రం చూడలే బిడ్డా. నల్లా కాడ నా బిందె వెనుకకు జరుపుతుండ్రని ఉరికిన."

రాజలక్ష్మి గోడకు ఆనుకుని కూలబడింది. భర్త తనంతట తాను పోలేదు. పదకొండు రోజులుగా ఆమె ఒక్కతే అన్న మాట అది, ఇవాళ ఇంకొకరి నోట విన్నది. కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది. స్వర్ణలత ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఏడ్చుడు సాయంత్రం పెట్టుకుందాం బిడ్డా. ఇప్పుడు పనున్నది."

ఆ పని మొదలుకాకముందే దివాకర్ దిగబడ్డాడు. పోలీసు ఉద్యోగం నుంచి రిటైరై కరీంనగర్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్న మనిషి. జలపతి తరఫు వకీలు గోవర్ధన్ అతన్ని ఈ కేసుకు పెట్టుకున్నాడు. స్వర్ణలతకూ అతనికీ ఇది కొత్త కయ్యం కాదు. ఇంతకు ముందు రెండుసార్లు తలపడ్డారు, చెరొకసారి గెలిచారు. అతన్ని చూసి మొగిలవ్వ చాట ఎత్తుకుని చల్లగా జారుకుంది.

"ఏంది స్వర్ణలతమ్మా, పిల్లుల డాక్టరువైనవట?" వాకిట్లోంచే మొదలుపెట్టాడు దివాకర్. "మొగడు భివండిల చక్కగ సాంచా నడుపుకుంటుంటే, ఈడ పిల్లి కోసం ఇనాములు. జగిత్యాలల అందరికి చెప్పాలె."

"చెప్పుండ్రి సార్. మీ నోటికి తాళమెవరేస్తరు? ఇంతకు తిరుపతి ఎన్నింటికి పోయిండంటరు?"

"ఏడు గంటల బస్సుకు. మెసేజే చెప్తుంది."

"పిల్లి తొమ్మిదికి పోయింది. చూసినోళ్లున్నరు."

"ఉంటే? పోయేటోడు వెనుక తలుపు తెరిచిపెట్టి పోయిండు. పిల్లి రెండు గంటలు ఆలోచించి పోయింది." తన మాటకు తానే నవ్వుకున్నాడు.

"గట్లనా. సార్, జర గా వంటింటి తలుపు తీస్తరా? గాలి ఆడ్తలేదు."

దివాకర్ గడియ తీసి తలుపును గోడకు తగిలేదాకా తోశాడు. తోసి, గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"గిదే నేను చూడాలనుకున్నది" అంది స్వర్ణలత. "బయటి మనిషి తలుపు గిట్ల తీస్తడు. ఈ ఇంటోళ్లు జానెడు తీసి కాలు అడ్డం పెడ్తరు. ఆరేండ్ల సంది ఆ కాలికి అదే అలవాటు. పిల్లి లేకపోయినా పెడ్తరు. తిరుపతి ఎన్ని తొందరల పోయినా తలుపు బార్ల పెట్టి పోడు. ముందటి తాళం ఆయన తాళంచెయ్యితోని ఎవరో ఏసిండ్రు. ఈ తలుపు తీసింది బయటోడు, తొమ్మిదింటికి, లోపటికెల్లి."

దివాకర్ మొహంలో నవ్వు తగ్గలేదు, కానీ మాట గట్టిబడింది. "పోయి జడ్జి గారికి ఈ కాళ్ల ముచ్చట చెప్పు. సాక్షి ఏడి అంటే రెండు రంగుల కండ్ల పిల్లిని బోనెక్కియ్యి. కేసు గెలుస్తవ్."

రాజలక్ష్మి చటుక్కున తల ఎత్తింది. స్వర్ణలత కనుసైగతో ఆమెను ఆపింది. ఇంటి బయట ఒక్కరూ చూడని పిల్లి, కాగితంలో లేని గుర్తు, ఫోటో లేని కళ్లు. అవి ఈ పెద్దమనిషికి ఎట్లా తెలిశాయి? దానికి జవాబు ఒక్కటే. కానీ మాటలో పట్టుకుంటే మాటతోనే తప్పించుకుంటాడు, తిరుపతి ఎక్కడున్నాడో మాత్రం చెప్పడు. పదిన్నర కావస్తోంది. జగిత్యాలకు రెండు గంటల దారి.

"నిజమే సార్" అంది స్వర్ణలత నీరసంగా. "నా వల్ల అయ్యేటట్టు లేదు. కూసోండ్రి, చాయ్ తాగుదాం." ఫ్లాస్కు మూత తీసి అతనికి చాయ్ పోసింది. దివాకర్ గర్వంగా తీసుకున్నాడు. ఆమె చాయ్ సంగతి ఎరిగిన మనిషైతే ఆ కప్పు చూసి పారిపోయేవాడు.

అతన్ని సాంచాల గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, రాజలక్ష్మిని పక్కకు పిలిచింది. "కండెను ఎట్ల పిలిచినవ్ ఇన్ని దినాలు?"

"గిన్నెల పాలు పెట్టి పెరట్ల కూసున్న. రాత్రి పగలు పేరు పెట్టి పిలిచిన. అది అరిస్తే వినబడాలని మిక్సీ గూడ పెట్టలే. సందంత సప్పుడు చెయ్యకుండ్రని కాళ్లు మొక్కిన."

"ఇంట్ల ఉన్నప్పుడు అది ఎప్పుడు నిద్రపోయేది?"

"సాంచా నడుస్తుంటేనే. కరెంటు పోయిందనుకో, లేచి ఇల్లంత తిరిగి ఒర్రేది. ఆర్డర్లు బందయినంక గూడ ఈయన పగటీలి నూలు లేకుంటనే ఖాళీ సాంచా నడిపేటోడు, కండె పండుకుంటదని. కరెంటు బిల్లు నీ అయ్య కడ్తడా అని నేను తిట్టేదాన్ని." ఆ తిట్టు గుర్తుకొచ్చి ఆమె కళ్లు మళ్లీ నిండాయి.

"ఇగో, గక్కడ తప్పు చేసిండ్రు మీరంత. మనకు సప్పుడు లేకుంటె నిమ్మళం. దానికి సప్పుడు ఉంటేనే ఇల్లు. పదకొండు దినాలు సందునంత మూగ చేసి, ఇల్లు ఏడున్నదో దానికి తెల్వకుంట చేసిండ్రు. పోయి సాంచా ఎయ్యి."

"పోగు లేదక్కా."

"ఖాళీదే ఎయ్యి."

రాజలక్ష్మి స్విచ్చు వేసింది. పదకొండు రోజులుగా నోరు మూసుకున్న సందులో ఒక్కసారిగా టకటకమని మోత లేచింది. అరుగుల మీద ఆడవాళ్లు బీడీలు చుట్టడం ఆపి ఇటు చూశారు. దివాకర్ చెవులు మూసుకుని ఏదో అరిచాడు. ఏం అరిచాడో ఎవరికీ తెలియలేదు. స్వర్ణలత కిటికీకి ఎదురుగా నిలబడి చూపు తిప్పకుండా చూసింది. పది నిమిషాలైంది. పావుగంటైంది. తన లెక్క తప్పితే ఇవాళ్టితో అంతా అయిపోయినట్టే.

అప్పుడు పెరటి గోడ మీద తెల్లటి తల ఒకటి కనబడింది. ఆగింది, విన్నది, దూకింది. కుంటుకుంటూ వచ్చి కిటికీ ఊచల్లోంచి దూరి, మనుషులెవరినీ లెక్కచేయకుండా నేరుగా నడుస్తున్న సాంచా పక్కకు పోయి చుట్టుకుని పడుకుంది. రాజలక్ష్మి దాన్ని గబుక్కున ఎత్తి గుండెకు హత్తుకుంది. ఆ మోతలో ఆమె ఏడుపు వినబడలేదు గానీ, ఈసారి ఏడుస్తూ నవ్వుతోంది.

దాని వెనుక కాలికి ఏదో కుక్క పన్ను దిగినట్టుంది. గాయానికి గుడ్డ పేలిక కట్టి ఉంది. ఆకుపచ్చ గళ్ల లుంగీ పేలిక. రాజలక్ష్మి దాన్ని ముట్టుకుని స్వర్ణలత చెవిలో అరిచింది. "ఈయన లుంగీ అక్కా. నేను కోరుట్ల పోయిన రాత్రి కట్టుకున్నది."

కట్టు నిన్నటిదో ఇవాళ్టిదో, ఇంకా మాయలేదు. స్వర్ణలత పిల్లి పాదాలు తిప్పి చూసింది. వేళ్ల సందుల్లో ఎండిన గంజి పొరలు పొరలుగా అంటుకుని ఉంది. తన మనసులో ఉన్నది ఇక దాచుకోనక్కర లేదు. స్విచ్చు తీయించి, ఆ నిశ్శబ్దంలో దివాకర్ ఎదురుగా నిలబడింది.

"దివాకర్ సార్, దీని కండ్లు చూడుండ్రి. ఒకటి నీలం, ఒకటి పసుపు. కాగితంల రాయలే. సందుల ఎవ్వరికి తెల్వది. మీకెట్ల తెలిసింది?"

దివాకర్ కప్పు కింద పెట్టాడు. "ఈ... ఈమెనే చెప్పింది."

"నేనెన్నడు చెప్పిన?" అంది రాజలక్ష్మి.

"ఇంకోటి సార్. ఇంట్ల పెరిగిన పిల్లి బయట పడితే ఊరు దాటి పోదు. దొరికిన మొదటి సందుల దూరి కిక్కురుమనకుంట కూసుంటది. మీరు మనిషి భివండిల ఉన్నడని అందరిని అటు తిప్పిండ్రు. పదిండ్ల అవతల ఎవరన్న చూసిండ్రా? ఈ సందుల గంజి ఏడుంటది రాజలక్ష్మీ?"

"సందు చివర సైజింగుల. నూలుకు గంజి పెట్టే కార్ఖానా. రెండు నెలల సంది మూసే ఉన్నది."

దివాకర్ జేబులో చెయ్యి పెట్టి ఫోన్ తీశాడు. అంతకంటే ముందే స్వర్ణలత రాజలక్ష్మిని బయటికి లాగి, పోతూ పోతూ నడవలోని స్విచ్చు మళ్లీ వేసి, సాంచాల గది తలుపుకు బయటి నుంచి గొళ్లెం పెట్టింది. లోపల ఖాళీ సాంచా టకటకలాడింది. దివాకర్ ఎవరికో ఫోన్ చేసి గొంతు చించుకుని అరిచాడు. అవతలి మనిషికి మగ్గం తప్ప మాట వినబడలేదని తర్వాత తెలిసింది. ఇంత చేటు తెలివిగల మనిషిని ఒక ఖాళీ మగ్గం మూగవాణ్ణి చేసింది.

సైజింగ్ కార్ఖానా దాకా పోయేసరికి స్వర్ణలత వెనుక సందులో ఆడవాళ్లంతా ఉన్నారు. పొద్దున నవ్వినవాళ్లే. చాటలు అరుగుల మీద వదిలేసి వచ్చారు. అందరికంటే ముందు మొగిలవ్వ నడుస్తోంది, కోర్టు భయం ఎక్కడ పోయిందో మరి. గేటు దగ్గర వాచ్‌మన్ కనకయ్య ఈ దండును చూసి లేచి నిలబడ్డాడు.

"తాళంచెయ్యి" అని చెయ్యి చాపింది స్వర్ణలత.

"మేడం, లోపటున్నది పిచ్చి లేచిన మనిషి. కేసు అయ్యేదాక దాచిపెట్టుమని పోలీసాయన చెప్పిండు."

"ఏ పోలీసాయన?"

"దివాకర్ సార్."

"ఆయన పోలీసు పని మానేసి ఐదేండ్లాయె. ఇప్పుడు సాంచా నడుపుతున్నడు, పోయి చూడు."

కనకయ్య తాళంచెవి ఇచ్చేశాడు. లోపలి గదిలో చాప మీద తిరుపతి కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది, లుంగీ అంచు చిరిగిపోయి ఉంది. తలకు ఎత్తులో చిన్న గవాక్షం ఉంది, పిల్లి దూరడానికి చాలినంత. భార్యను చూసి లేవబోయి లేవలేకపోయాడు.

"సాంచా సప్పుడు విన్న" అన్నాడు. "మన సాంచానే అని తెలిసింది. కండె చెవులు నిక్కబొడిచి గోడెక్కి ఉరికింది. అది ఇంటికి ముట్టిందా?"

"ముట్టింది. పదకొండు దినాల సంది నేను సచ్చిన్నా బతికిన్నా అడగవు గానీ పిల్లిని అడుగు" అని రాజలక్ష్మి అతని మీద పడి భుజం మీద గుద్దింది, గుద్ది అక్కడే తల ఆనించింది. "ఎందుకు ఒర్రలేదయ్యా? కేకేస్తే వినబడే దూరమే కదా."

"నోరు తెరిస్తే నిన్ను గూడ పట్టుకొస్తమన్నరు. నా ఫోన్ గుంజుకొని భివండి బస్సుల ఏసి పంపిండ్రు."

స్వర్ణలత గొంతు సవరించుకుంది. ఆమెకూ కళ్లు చెమర్చాయి, ఆ సంగతి ఒప్పుకునే రకం కాదు. ఠాణాకు ఫోన్ చేసి, దివాకర్‌ను గొళ్లెం తీసి తీసుకుపొమ్మని చెప్పింది. కండెను మొగిలవ్వ చేతుల్లో పెట్టింది. ముసలామె ఇనాం సంగతే మరిచిపోయి పిల్లిని కొంగులో చుట్టుకుంది.

"తిరుపతీ, నడవగలవా?"

"జగిత్యాల దాక నడవమన్నా నడుస్త అక్కా."

నడవాల్సిన పని పడలేదు. వేములవాడ మీదుగా స్వర్ణలత పాత కారును ఎట్లా తోలిందో, ఆ దారిలో గొర్రెల కాపరులు ఏమని తిట్టారో చెప్పుకుంటూ కూర్చుంటే ఇక్కడే పొద్దుపోతుంది.

జగిత్యాల కోర్టు హాల్లో జలపతి తెల్ల చొక్కా వేసుకుని, గంధం బొట్టు పెట్టుకుని, పెళ్లికి వచ్చినవాడిలా ఉన్నాడు. పక్కన నల్లకోటులో వకీలు గోవర్ధన్, జగిత్యాలలో పేరు మోసిన మనిషి, నిమిషానికోసారి ఫోన్ చూసుకుంటున్నాడు. బంట్రోతు గుమ్మంలో నిలబడి పిలిచాడు.

"తిరుపతీ..."

జవాబు లేదు. రెండోసారి పిలిచాడు. జవాబు లేదు. గోవర్ధన్ చిన్నగా నవ్వి జడ్జి గారి వైపు తిరిగి, సాక్షి భయపడి ఊరు విడిచిపోయాడని, ఇక కేసు ముగించవచ్చని మనవి చేశాడు. జడ్జి గారు కలం అందుకున్నారు. బంట్రోతు మూడోసారి గొంతెత్తాడు.

"తిరుపతీ..."

"ఉన్న సారూ" అన్న కేక మెట్ల మీంచి వచ్చింది. "ఉన్న, ఉన్న, వస్తున్న."

చిరిగిన లుంగీతో, మాసిన గడ్డంతో, ఒక పక్క భార్య, ఇంకో పక్క స్వర్ణలత పట్టుకుంటే తిరుపతి గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. హాలంతా లేచి చూసింది. వెనుక బెంచీల్లో కూర్చున్న, మస్కట్ పోయిన పిల్లల తల్లుల్లో ఒకామె చేతులెత్తి దండం పెట్టింది. జలపతి గంధం బొట్టు చెమటకు కారిపోయింది. స్వర్ణలత తన జీవితంలో చాలా కేసులు గెలిచింది గానీ, ఆ క్షణం లాంటిది ఇంకొకటి లేదని తర్వాత చాలామందితో చెప్పుకుంది.

తిరుపతి బోనెక్కి ప్రమాణం చేశాడు. ప్రభుత్వ వకీలు అడిగిన ప్రతిదానికీ తడబడకుండా చెప్పాడు. పాస్‌పోర్టులు ఎక్కడ తీసుకున్నారు, ఏ మాట చెప్పి తీసుకున్నారు, వెంకటేశం ఏమని అడిగాడు, జలపతి ఏమని ఒట్టేశాడు. అప్పుడు స్వర్ణలత ఒకటి గమనించింది. సాక్షి లోపలికి వచ్చినప్పటి నుంచి గోవర్ధన్ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. బోనుకు వీపు పెట్టి, మొహానికి కాగితాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. పావలా ఏజెంటు కోసం ఇంతకు తెగించిందెవరని పొద్దుటి నుంచి ఆమెను పీడిస్తున్న ప్రశ్నకు జవాబు దొరికింది.

"డిఫెన్స్ వారు ప్రశ్నించవచ్చు" అన్నారు జడ్జి గారు.

"వాయిదా కావాలి యువరానర్. సాక్షి ఇంత హఠాత్తుగా..." గోవర్ధన్ అటు తిరిగే మాట్లాడాడు.

"సాక్షి రాలేదని కేసు ముగించమన్నది మీరే కదా. వాయిదా ఇవ్వను. సాక్షి వైపు తిరిగి ప్రశ్నించండి."

ఇక దారి లేదు. గోవర్ధన్ కాగితాలు దించి మెల్లగా తిరిగాడు. తిరుపతి అతని మొహం చూశాడు, కోటు చూశాడు, మళ్లీ మొహం చూశాడు. ఇంతకుముందు ఎన్నడూ కోర్టు మెట్లెక్కని మనిషి, బోను కమ్మీని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

"సారూ, ఆయన నన్ను అడిగేముందు నేనొక మాట చెప్పాలె. జలపతి పక్కన ఇంకో మనిషి కూసున్నడని రాయించిన గదా, పేరు తెల్వదని. కారుల వచ్చిండు, పాస్‌పోర్టులన్ని తన బ్యాగుల పెట్టుకున్నడు, మస్కట్ కంపెనీ నా చేతులున్నదన్నడు. నల్లకోటు లేకుంటె గిదే మొఖం. గాయన ఈయననే."

హాల్లో గుసగుస లేచి, జడ్జి గారు బల్ల మీద చరచగానే అణిగింది. జలపతి గోవర్ధన్ వైపు చూసిన చూపుతోనే నిజం ఒప్పుకున్నట్టయింది. జడ్జి గారు ఎవరూ బయటికి పోవద్దని కానిస్టేబుల్‌కు సైగ చేశారు.

వెనుక బెంచీలోంచి రాజలక్ష్మి లేచి నిలబడింది. కోర్టులో మాట్లాడకూడదని ఎవరో కొంగు పట్టి లాగారు, ఆమె విడిపించుకుంది.

"ఇన్ని దినాలు ఎవరిని అడగాలెనో తెల్వకపాయె సారూ" అంది. "ఇప్పుడు అడుగుండ్రి. నా తమ్ముడు ఏడున్నడో గాయనకే తెలుసు."